ఢిల్లీ చూడబోతున్న మేనకోడలికి

అమలాపురం.

చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అయిన మా మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

ఉభయకుశలోపరి. మీ డ్వాక్రా సంఘం ఆడవాళ్లు, వాళ్లలో కొందరి అత్తగార్లు, తోడుగా ఇద్దరు ముగ్గురు మగవాళ్లు కలిసి కాశీ వెళ్లి, అక్కడి నుంచి ఢిల్లీ చేరి మూడు రోజులు ఊరు చూద్దామనుకుంటున్నారని నీ ఉత్తరం వల్ల తెలిసి సంతోషించాను. నేను అక్కడ ఉద్యోగం చేసినన్నాళ్లూ మన వైపు నుంచి వచ్చిన చుట్టాలకు, ఊరివాళ్లకు నగరం చూపించే బాధ్యత ఎక్కువగా నా మీదే ఉండేది కనుక, నీవు అడగకపోయినా నాలుగు మాటలు చెప్పాలనిపిస్తుంది.

నీవు పంపిన పట్టీలో రోజుకు ఏడెనిమిది చోట్లున్నాయి. అందులో చూడదగనిది ఒక్కటీ లేదు. అయితే మొదటి రోజే ఎర్రకోట, కుతుబ్ మినార్, అక్షరధామ్ మూడూ రాశావు. ఎర్రకోట పాత ఢిల్లీలో ఉంది, కుతుబ్ మినార్ దక్షిణాన మెహ్రౌలీలో ఉంది, అక్షరధామ్ యమునకు ఆవలి గట్టున ఉంది. ఇది ఒకే రోజున అంతర్వేదిలో స్నానం, ద్రాక్షారామంలో అభిషేకం, పట్టిసీమలో దర్శనం పెట్టుకున్నట్టు ఉంటుంది. నా మాట విని రోజుకు ఒక దిక్కు మాత్రమే పెట్టుకో. ఆ దిక్కున తప్పక చూడవలసింది ఒకటి, వీలైతే చూసేది ఒకటి, మధ్యాహ్నం అందరూ కాళ్లు చాపుకుని కూర్చోగలిగిన చోటు ఒకటి ఉంటే ఆ రోజు నిండినట్టే. మీలో అందరికంటే నెమ్మదిగా నడిచేది ఎవరో ఇప్పుడే చూసుకుని, ఆవిడ ఎంతసేపు నడవగలదో దానినిబట్టి మిగిలినవన్నీ నిర్ణయించు. మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను మెట్ల దగ్గర కూర్చోబెట్టి మిగిలినవాళ్లు లోపలికి వెళ్లడం నాకు ఎన్నడూ నచ్చలేదు. అంతదూరం వచ్చిన మనిషి గోడ పక్కన కూర్చుని తిరిగి వెళ్లకూడదు.

బయలుదేరే కాలం గురించి. జనవరిలో పొగమంచు వల్ల రైళ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. 26వ తేదీకి ముందు, గణతంత్ర దినోత్సవ కవాతు జరిగే కర్తవ్య పథ్ పరిసరాల్లో రాకపోకల మీద ఆంక్షలుంటాయి. దాళ్వా నాట్లు ముగిసి మీకు కాస్త తెరిపి దొరికే ఫిబ్రవరి రెండో పక్షం అన్నివిధాలా అనుకూలం. అప్పటికీ తెల్లవారుజామున చలి 10 డిగ్రీల దగ్గరలో ఉంటుంది. మన కోనసీమలో స్వెట్టర్ అవసరం ఎరుగనివాళ్లే ఎక్కువ గనుక ప్రతివారూ ఒక శాలువా, మేజోళ్లు తెచ్చుకోవాలని గట్టిగా చెప్పు.

వారం కూడా చూసుకోవాలి. సోమవారం నాడు ఎర్రకోట, జాతీయ మ్యూజియం, అక్షరధామ్, లోటస్ టెంపుల్ అన్నీ మూసి ఉంటాయి. మీ మూడు రోజుల్లో సోమవారం పడక తప్పకపోతే ఆ రోజుకు కుతుబ్ మినార్ పెట్టుకోండి, అది రోజూ తెరిచే ఉంటుంది. 72.5 మీటర్ల ఆ మినారును కింద నుంచి చూడవలసిందే, పైకి ఎక్కనివ్వరు. పక్కనే ఉన్న ఇనుప స్తంభం చంద్రగుప్త విక్రమాదిత్యుడి కాలం నాటిదని, పదహారు వందల ఏళ్లుగా ఎండకూ వానకూ నిలిచిందని పెద్దవాళ్లకు చెబితే దాని ముందు ఎక్కువసేపు నిలబడతారు. ఆగ్రా వెళ్లే ఆలోచన ఉంటే తాజ్‌మహల్‌కు సెలవు శుక్రవారం అని గుర్తుంచుకో.

మొదటి రోజుకు రాష్ట్రపతి భవన్ వైపు వెళ్లమంటాను. ఫిబ్రవరి, మార్చి నెలల్లో అక్కడి అమృత్ ఉద్యాన్‌ను జనం చూడడానికి తెరుస్తారు, సోమవారాలు మాత్రం సెలవు. ప్రవేశ రుసుము లేదు గానీ, ఏ రోజు ఏ వేళకు వస్తారో ముందుగా ఆన్‌లైన్‌లో నమోదు చేసుకోవడం మేలు. దీన్ని 2023 వరకు మొఘల్ గార్డెన్స్ అనేవారు. కడియం నర్సరీలు చూసి పెరిగిన మనవాళ్లకు పూలు కొత్త కావు. అయినా చలిదేశపు తులిప్‌లు వరసలుగా పూసి ఉండగా చూడడం వేరు. పూలు చూస్తూ నడిచేటప్పుడు, ఆ కనబడే భవనంలో సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు, వి.వి. గిరి గారు, నీలం సంజీవరెడ్డి గారు రాష్ట్రపతులుగా నివసించారని నీ వెంట వచ్చినవాళ్లకు చెప్పు. ఆ మాట విన్నాక ఆ భవనం వాళ్లకు పరాయిదిగా అనిపించదు.

అక్కడి నుంచి భోజనానికి అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌కు వెళ్లండి. కాశీ నుంచి రొట్టెలు తింటూ వచ్చినవాళ్లకు ఆ పూట అన్నం, పప్పు, పచ్చడి ఎంత ఊరటనిస్తాయో నీవు చూస్తావు. పన్నెండు గంటలకల్లా అక్కడుంటే అందరికీ ఒకేచోట బల్లలు దొరికే అవకాశం ఉంటుంది. ఒంటిగంట దాటితే విడివిడిగా కూర్చోవలసి వస్తుంది. ఆదివారం రద్దీ మరీ ఎక్కువ.

భోజనమయ్యాక ఓపిక ఉన్నవాళ్లను జాతీయ మ్యూజియానికి తీసుకెళ్లు, అది దగ్గరే. అన్ని గదులూ తిరగవద్దు. మొహెంజొదారోలో దొరికిన పదిన్నర సెంటీమీటర్ల కంచు నాట్యగత్తె బొమ్మ, మన నాగార్జునకొండ శిల్పాలు చూసి బయటికి వస్తే చాలు. పొద్దు వాలే వేళకు ఇండియా గేట్ పక్కనే ఉన్న జాతీయ యుద్ధ స్మారకం దగ్గరకు చేరండి. 2019 ఫిబ్రవరిలో దీన్ని జాతికి అంకితం చేశారు. స్వాతంత్ర్యం వచ్చాక ప్రాణాలిచ్చిన పాతిక వేలకు పైగా సైనికుల పేర్లు అక్కడి గోడల మీద చెక్కి ఉన్నాయి. మీ బృందంలో తాడేపల్లిగూడెం దగ్గరి మిలటరీ మాధవరం ఆడపడుచు ఒకరున్నారని రాశావు. ఇంటికొకరిని సైన్యానికి పంపిన ఊరి మనిషి గనుక ఆవిడకు అక్కడ తొందర పెట్టకండి.

రెండో రోజు పాత ఢిల్లీ. షాజహాన్ కట్టించిన ఎర్రకోట 1648లో పూర్తయింది. అది చాలా విశాలమైనది గనుక ఉదయం ఎండ ముదరకముందే చూడాలి. లాహోరీ దర్వాజా దాటి, అంగళ్ల వరస గుండా ప్రజల దర్బారు దివాన్-ఎ-ఆమ్, ముఖ్యుల దర్బారు దివాన్-ఎ-ఖాస్ వరకు వెళ్లి వస్తే సరిపోతుంది. తరువాత చాందినీ చౌక్ ఉంది, అసలు జాగ్రత్త అంతా అక్కడే కావాలి. పగటివేళ ఆ వీధిలోకి మోటారు బండ్లను రానివ్వరు గనుక సైకిల్ రిక్షాలే ఆధారం, ఒక్కో రిక్షాలో ఇద్దరే కూర్చోగలరు. పది రిక్షాలు బయలుదేరితే పదీ ఒకేచోట ఆగవు. అందువల్ల ఎక్కకముందే అందరికీ దిగవలసిన చోటు శీష్‌గంజ్ గురుద్వారా అని చెప్పు; అది వీధి మీదే ఉంది, ఎవరిని అడిగినా చూపిస్తారు. లోపలికి వెళ్లేటప్పుడు తల మీద కొంగు కప్పుకోవాలి. పెళ్లి చీరల అంచులకు, జరీ పనికి కినారీ బజార్‌, వెండికి దరీబా ప్రసిద్ధి. కొనుగోళ్లకు ఒక గంట ఇచ్చి, ఆ గంట ముగిసేసరికి అందరూ గురుద్వారా ముందుకు రావాలని ఒప్పించు.

మూడో రోజుకు మెట్రో వద్దు, ఒక టెంపో ట్రావెలర్ మాట్లాడుకోండి. దుకాణాల దగ్గర ఆపవలసిన పని లేదని డ్రైవరుకు ముందే చెప్పాలి. ఉదయం హుమాయూన్ సమాధి చూసి, దానిని ఆనుకునే ఉన్న సుందర్ నర్సరీలో చెట్ల కింద, వెంట తెచ్చుకున్న పులిహోర, పెరుగన్నం తినవచ్చు. పెద్దవాళ్లకు ఆ గంటన్నర విశ్రాంతి చాలా అవసరం. తరువాత నిజాముద్దీన్ వంతెన మీదుగా యమున దాటితే అక్షరధామ్. మూడింటికల్లా చేరితే చీకటిపడ్డాక జరిగే నీళ్ల ప్రదర్శన కూడా చూసుకుని రావచ్చు. ఇక్కడ ఫోన్లు, చేతిసంచులు బయటే అప్పగించాలి. లోపల తప్పిపోతే ఫోన్ చేసుకునే మార్గం ఉండదు కనుక, ఎక్కడ ఎన్నింటికి కలుసుకోవాలో ముందే నిర్ణయించుకుని, ప్రతి జంటలో ఒకరి చేతికైనా గడియారం ఉండేలా చూడు.

జంట అన్నాను గనుక ఆ సంగతి కూడా చెబుతాను. ఇల్లు కదిలే ముందే అందరినీ ఇద్దరిద్దరుగా జతపరచు. అత్తాకోడళ్లను ఒకే జంటగా వేయవద్దు, వాళ్లు ఇంటి దగ్గర ఎలాగూ కలిసే ఉంటారు. లెక్కపెట్టినప్పుడు తలలు కాక జంటలు లెక్కపెట్టు. బస దిగిన చోటు పేరు, చిరునామా హిందీలోనూ రాయించిన కాగితం, దాని మీద రెండు ఫోన్ నంబర్లు ప్రతివారి రవికలోనో జేబులోనో ఉండాలి. మెట్రోలో ఎవరైనా ప్లాట్‌ఫారం మీద మిగిలిపోయి తలుపులు మూసుకుంటే, అలా మిగిలిపోయినవాళ్లు కదలకుండా అక్కడే నిలబడాలి, ఎక్కినవాళ్లలో ఇద్దరు తరువాతి స్టేషన్లో దిగి వెనక్కి రావాలి. ఈ ఒక్క నియమాన్ని రైలెక్కకముందే అందరి చేతా ఒకసారి చెప్పించు. చీర కుచ్చిళ్లు ఎస్కలేటరులో పడే ప్రమాదం ఉంది, పెద్దవాళ్లను లిఫ్టులో తీసుకెళ్లు. మొదటి పెట్టె ఆడవాళ్లకు మాత్రమే కనుక వెంట వచ్చిన మగవాళ్లు అందులోకి ఎక్కకూడదు. తమలపాకుల సంచిలోని అడకత్తెర, చాకు బసలోనే వదిలి రమ్మను, తనిఖీలో అభ్యంతరం చెబుతారు.

డబ్బు విషయంలో మీ సంఘానికి నేను చెప్పేదేమీ లేదు. ఉమ్మడి ఖర్చు రెండో లీడరు దగ్గర ఉంచి, రోజూ రాత్రి పద్దు చదివితే చాలు.

వచ్చేవాళ్ల పేర్లు, వయసులు, ఎవరికి మెట్లు కష్టమో, ఎవరు ఏ వేళకు మందులు వేసుకోవాలో ఒక కాగితం మీద రాసి, మీరు ఢిల్లీలో దిగే తేదీతో సహా వెంటనే నాకు పంపు. అది చూశాక ఏ రోజు ఎటు వెళ్లాలో వరస మార్చవలసి ఉంటే మార్చి, అమృత్ ఉద్యాన్ నమోదు చేయవలసిన రోజుతో పాటు తిరుగు టపాలో రాస్తాను.

ఆశీస్సులతో,
మీ మామయ్య