నెలసరి ఆగాక కాల్షియం: తిండితో సరిపెట్టొచ్చా, మాత్రలే వేసుకోవాలా?

మీరు అడిగింది ఇదీ: అమ్మగారికి 53 ఏళ్ళు, నెలసరి ఆగి నాలుగేళ్ళయింది, ఊరు పొదిలి పక్కన. పాలు తాగితే కడుపు ఉబ్బరం, కాల్షియం మాత్ర వేసుకుంటే మలబద్ధకం, మోకాళ్ళు ఒకటే నొప్పి. తిండితోనే కాల్షియం సరిపెట్టగలమా అని.

చాలావరకు సరిపెట్టొచ్చు. కానీ ముందు మోకాళ్ళ సంగతి పక్కన పెట్టండి. ఈ వయసులో మోకాలి నొప్పి ఎక్కువగా కీలు అరగడం వల్ల వస్తుంది, దానికి కాల్షియం ఏమీ చెయ్యదు. ఎముక గుల్లబారేటప్పుడు నొప్పే ఉండదు. బాత్రూములో జారి మణికట్టో తుంటో విరిగినప్పుడే బయటపడుతుంది. రక్తంలో కాల్షియం పరీక్ష చేయించి ‘అంతా నార్మల్’ అనుకోవడం కూడా పొరపాటే. తిండిలో తగ్గిన కాల్షియాన్ని ఒళ్ళు ఎముకల్లోంచి లాక్కుని రక్తంలో సరిచేస్తూనే ఉంటుంది, రిపోర్టు బాగానే వస్తుంది. ఎముక సంగతి తెలియాలంటే డెక్సా స్కాన్ (ఎముక ఎంత దట్టంగా ఉందో కొలిచే ఎక్స్‌రే లాంటి పరీక్ష) ఒక్కటే దారి. ఉచిత క్యాంపుల్లో మడమ మీద పెట్టి చూసే మిషను రిపోర్టు పట్టుకుని మందులు మొదలుపెట్టకండి.

ఇక లెక్క. నెలసరి ఆగిన ఆడవాళ్ళకి రోజుకి 1200 మి.గ్రా. కాల్షియం కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన పట్టిక చెబుతుంది. మన ఇళ్ళలో మామూలు రోజు చూడండి. రెండు పూటలా అన్నం, 300 గ్రాముల బియ్యమైనా పాతిక మి.గ్రా. దాటదు. పొద్దున ఇడ్లీనో దోసో, మధ్యాహ్నం పప్పు, అన్నీ కలిపి ఓ యాభై. కూరగాయలు ఇంకో యాభై. రెండు టీల్లో పడే పాలు వంద మి.లీ. అనుకుంటే 120. చివర్లో పల్చటి మజ్జిగ, ఓ అరవై. మొత్తం మూడొందలు. అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలిన మజ్జిగలో నీళ్ళు పోసుకుని అన్నం కలుపుకునే అలవాటు మన అమ్మలకి ఉంది కదా, సగం లోటు అక్కడే మొదలవుతుంది.

పాలు పడకపోతే పెరుగు పడుతుంది. తోడుకునేటప్పుడు పాలలోని చక్కెర కొంత విరిగిపోతుంది కాబట్టి ఉబ్బరం తక్కువ. 150 మి.లీ. పాలు తోడేసిన గిన్నె పెరుగులో సుమారు 180 మి.గ్రా. ఉంటుంది, రోజుకి అలాంటివి రెండు తినమనండి. ఒంగోలు గిత్తలు పుట్టిన ప్రాంతం అయినా ఇళ్ళలో తాగేది గేదె పాలే, అయితే కాల్షియం విషయంలో ఆవుకీ గేదెకీ తేడా దాదాపు లేదు. మీగడ తీసేసినా కాల్షియం పోదు. వెన్న చిలికితే అది మజ్జిగలోనే ఉండిపోతుంది, నెయ్యిలోకి రాదు. కాబట్టి బలానికని నెయ్యి పోసి మజ్జిగ పల్చన చెయ్యడం తిరగేసిన లెక్క.

రెండోది రాగులు. 100 గ్రాముల్లో 364 మి.గ్రా., అంటే 60 గ్రాముల పిండితో సంగటో జావో చేస్తే 220 దాకా. అందులో ఫైటేట్ అనే పదార్థం కొంత కాల్షియాన్ని పట్టేసుకుంటుంది, దాన్ని తగ్గించాలంటే మొలకెత్తించాలి, లేదా పులియబెట్టాలి. రాగులు 12 గంటలు నానబెట్టి, నీళ్ళు పూర్తిగా వంపేసి, తడి గుడ్డలో వదులుగా మూటకట్టి ఒక రోజు నుంచి రోజున్నర ఉంచితే తెల్లటి మొలక కనబడుతుంది. ఎండాకాలంలో మన వైపు మూట వేడెక్కి జిగురొచ్చి కంపు కొడుతుంది. గాలి ఆడే చోట వేలాడదీసి పూటకోసారి నీళ్ళు చిలకరించాలి, వాసన మారితే పారెయ్యాల్సిందే. నీడలో ఆరబెట్టి, సన్న మంట మీద కాస్త వేయించి మరపట్టించాక సన్న జల్లెడ పట్టకండి. రాగిలో కాల్షియం ఎక్కువగా పైపొట్టులోనే ఉంటుంది, పిండి తెల్లగా మెత్తగా కనబడిందంటే అది పోయినట్టే. ఇంత ఓపిక లేకపోతే పిండి రాత్రే నీళ్ళలో కలిపి పులవనిచ్చి పొద్దున అంబలి కాయండి.

ఆకుకూరల్లో పాలకూరని లెక్కలోకి తీసుకోవద్దు. అందులోని ఆక్సలేట్ అనే పదార్థం కాల్షియాన్ని పట్టేసుకోవడం వల్ల ఒంటికి పట్టేది ఇరవయ్యో వంతు. తోటకూర అంకె బాగుంటుంది గానీ అందులోనూ ఆక్సలేట్ ఉంది. మునగాకు మంచిది, 100 గ్రాముల్లో 300 పైనే. తమలపాకు తోటల్లో తీగ పాకడానికి నాటే అవిసె చెట్టు ఆకులో అయితే 900 దాకా ఉంటుంది. చేదని మనవాళ్ళు పట్టించుకోరు, ఓ పిడికెడు పెసరపప్పులో వేసి వండితే తినొచ్చు. నువ్వుల పొడి రోజుకి 10 గ్రాములు, అంటే చెంచా నిండుగా, వందకి పైనే ఇస్తుంది. పట్టేది మాత్రం పెరుగంత కాదు.

చేపల పులుసు తింటున్నాం కదా అని నెల్లూరు వైపు వాళ్ళు అడుగుతుంటారు. కొర్రమీనులోనూ బొచ్చెలోనూ కాల్షియం ఉన్నది మనం తీసి పక్కన పెట్టే ముల్లులో. ముల్లుతో సహా నమిలేసే నెత్తళ్ళు లాంటి చిన్న చేపలైతేనే లెక్క. ఎండువి అయితే వేడినీళ్ళలో నానబెట్టి ఉప్పు వంపెయ్యండి. ఉప్పు ఎక్కువయ్యేకొద్దీ మూత్రంలో కాల్షియం ఎక్కువ పోతుంది, కాబట్టి ఆవకాయ, ఊరుమిరపకాయలు కూడా ఓ కంట కనిపెట్టాలి.

ఇవన్నీ వేసుకుంటే రోజుకి వెయ్యి దగ్గరికి వస్తారు. మిగిలిన రెండొందల కోసం రోజుకి రెండు మాత్రలు అక్కర్లేదు. సంగటీ పెరుగూ కుదరని రోజున ఒక్కటి చాలు. పెట్టె మీద ‘కాల్షియం కార్బొనేట్ 1250 మి.గ్రా.’ అని ఉంటే అసలు కాల్షియం 500 అన్నమాట. దానికి కడుపులో ఆమ్లం కావాలి కాబట్టి తిండితో పాటే వేసుకోవాలి. మలబద్ధకం ఎక్కువగా దీనితోనే. డాక్టర్ని అడిగి కాల్షియం సిట్రేట్ మాత్రకి మారిస్తే చాలామందికి తేలికవుతుంది. గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్ళకీ సిట్రేటే నయం. 500 మించి ఒక్కసారే మింగితే పట్టేది తగ్గుతుంది. థైరాయిడ్ మాత్రకీ దీనికీ 4 గంటలు, ఐరన్ మాత్రకి 2 గంటలు ఎడం ఉండాలి. పొద్దున్నే అన్నీ కలిపి గుప్పెట్లో వేసుకుని మింగేస్తే థైరాయిడ్ మందు సరిగా పనిచెయ్యదు, రక్తపరీక్షలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్ తక్కువైతే పెరిగే హార్మోను) పెరిగిందని డోసు పెంచుతూ పోతారు.

కిడ్నీలో రాళ్ళొస్తాయని పెరుగు మానేసే వాళ్ళున్నారు. తిండిలోని కాల్షియం పేగులో ఆక్సలేట్‌ని పట్టుకుని బయటికి పంపేస్తుంది, రాళ్ళ ముప్పు తగ్గుతుంది. కాస్త పెరిగేది మాత్రలతో. ఇక గోధుమగింజంత తాంబూలం సున్నం పెరుగులో కలిపి తినమని వాట్సాప్‌లో తిరిగే చిట్కా వద్దు. ఎంత తింటున్నారో కొలత లేదు, సరిగా కలవకపోతే నోరూ గొంతూ పొక్కుతాయి.

విటమిన్ డి తక్కువైతే తిన్న కాల్షియం పేగులోంచే పోతుంది. పరీక్షలో 20 కంటే తక్కువ వస్తే మామూలుగా 60,000 యూనిట్ల పొట్లం వారానికొకటి చొప్పున 8 వారాలు రాస్తారు, తర్వాత నెలకొకటి. ఇక్కడ జరిగే అనర్థం ఏమిటంటే, పాత చీటీ చూపించి వారం వారం ఏడాదంతా కొనుక్కోవడం, లేదా రోజూ వేసుకోవడం. దాహం, వాంతులు, మలబద్ధకం, తికమక మొదలై చివరికి కిడ్నీ మీదికి వస్తుంది.

మీది పొదిలి వైపు కాబట్టి నీళ్ళ సంగతి విడిగా చెప్పాలి. పొదిలి, కనిగిరి, మర్రిపూడి వైపు చాలా ఊళ్ళలో బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. లీటరుకి 1 మి.గ్రా. లోపు ఉండాలి, వేరే దారి లేకపోతే 1.5. ఫ్లోరైడ్ ఎముకని గట్టిగా కనిపించేలా చేస్తుంది గానీ పెళుసుగా మారుస్తుంది. కాల్షియం తక్కువ తినేవాళ్ళలో దాని దెబ్బ మరీ ఎక్కువ. కాచితే ఫ్లోరైడ్ పోదు, నీళ్ళు ఇగిరి ఇంకా చిక్కనవుతుంది. టీడీఎస్ మీటరు నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చూపిస్తుంది గానీ ఫ్లోరైడ్‌ని విడిగా చూపించదు. తాగడానికి క్యాను నీళ్ళు తెచ్చుకుని, అన్నం పప్పు మాత్రం బోరు నీళ్ళతో వండే ఇళ్ళు బోలెడు, ఎసట్లో పోసిన నీళ్ళన్నీ అన్నంలోకే వెళ్తాయి. వంటకీ ఆ క్యాను నీళ్ళే వాడండి. చిక్కటి టీలో కూడా ఫ్లోరైడ్ ఉంటుంది, తగ్గించండి. బోరు నీళ్ళు, క్యాను నీళ్ళు రెండూ గ్రామీణ నీటి సరఫరా శాఖ ల్యాబులో చూపించండి.

డెక్సా చేయించేటప్పుడు ఈ నీళ్ళ సంగతి డాక్టరుకి చెప్పాలి. ఫ్లోరోసిస్ (ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఎముకల జబ్బు) ఉన్నవాళ్ళలో వెన్నెముక రీడింగ్ ఎక్కువగా వస్తుంది, టి-స్కోరు (డెక్సా రిపోర్టులో ఎముక బలం చెప్పే అంకె) బాగుందని సంబరపడితే మోసపోతారు. మామూలుగా మైనస్ 1 వరకు బాగున్నట్టు, మైనస్ 2.5 దగ్గర్నుంచి కిందికి ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారినట్టు. దానికి మాత్రలు గానీ ఇంజెక్షన్ గానీ మొదలుపెట్టే ముందు కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష కూడా చూడమనండి.

అమ్మగారికి గర్భసంచి ఆపరేషన్ అయిందా అన్నది మీరు రాయలేదు. మన రాష్ట్రంలో ఇది ఎక్కువ. అండాశయాలు కూడా తీసేసి ఉంటే ఈస్ట్రోజన్ ఒక్కసారిగా ఆగిపోతుంది, ఎముక కరగడం ఆ రోజు నుంచే లెక్క. అలా కాకపోయినా నెలసరి ఆగిన మొదటి కొన్నేళ్ళలో వెన్నెముక ఏడాదికి సుమారు 2 శాతం కోల్పోతుంది. ఎంత కాల్షియం తిన్నా ఆ వేగం పూర్తిగా ఆగదు. అందుకే రోజూ నడక, చేతులు ఆన్చకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, గోడ పక్కన ఒంటికాలి మీద నిలబడడం కూడా ఉండాలి. ఎత్తు 4 సెం.మీ. తగ్గినట్టు అనిపిస్తే వెన్నెముక ఎక్స్‌రే తీయించకుండా వంగే ఆసనాలు వేయించకండి.

స్కోరు బాగా పడిపోయి డాక్టరు ఎముక కరగడాన్ని తగ్గించే, వారానికొకసారి వేసుకునే అలెండ్రొనేట్ 70 మి.గ్రా. మాత్ర రాస్తే, అది పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్ళతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. అరగంట దాకా టీ కూడా తాగకూడదు. కాల్షియం మాత్ర ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి మార్చండి, రెండూ కలిపి వేసుకుంటే ఆ మందు ఒంటికి పట్టదు.