జీఆర్‌బీఎల్‌లో $100 మార్చినా కొలత కుదరకపోతే ఎక్కడ వెతకాలి

మీరు చెప్పిన సీఎన్‌సీ కోత మెషీన్ ఇది: ఆర్డుయినో యూనో మీద మెషీన్‌ను నడిపే జీఆర్‌బీఎల్ 1.1 సాఫ్ట్‌వేర్, సీఎన్‌సీ షీల్డ్ వీ3, మోటార్లకు కరెంటు ఇచ్చే డీఆర్‌వీ8825 డ్రైవర్లు, 1.5 ఆంపియర్ల నీమా 17 మోటార్లు, 8 మి.మీ. లీడ్ ఉన్న టీ8 స్క్రూలు, 12 వోల్టుల సప్లై. 100 మి.మీ. చతురస్రం కోస్తే ఎక్స్‌లో 99.7 వస్తోంది. వృత్తం గుండ్రంగా రావడం లేదు. ఇరవై నిమిషాలు నడిచాక డిజైన్ మొత్తం ఎక్స్‌లో పక్కకు జరుగుతోంది. ఎక్స్‌లో ఒక మి.మీ.కి ఎన్ని స్టెప్పులో చెప్పే సెట్టింగు $100ని 400 నుంచి 401.2కి మార్చినా లాభం లేదు.

ముందు $100=400 అని పంపి పాత విలువకే తెచ్చేయండి. స్క్రూ మెషీన్‌లో ఈ సంఖ్య కొలిచి దిద్దేది కాదు, లెక్కగట్టేది. మోటారు ఒక చుట్టుకు 200 స్టెప్పులు, ఒక్కో స్టెప్పును పదహారు ముక్కలు చేసే 1/16 మైక్రోస్టెప్పింగ్‌లో అవి 3200, స్క్రూ ఒక చుట్టుకు జరిపేది 8 మి.మీ., భాగిస్తే 400. ఈ ముక్కల సంఖ్యను నిర్ణయించే జంపర్లు (షీల్డు మీది చిన్న క్లిప్పులు) తప్పుగా ఉంటే 100కి 50 వచ్చేది, లేదా 200 వచ్చేది. 99.7 వచ్చిందంటే జంపర్లు సరిగ్గానే ఉన్నాయి. ఒక్క మాట గుర్తుంచుకోండి: మూడు జంపర్లూ పెడితే ఏ4988 అనే మరో రకం డ్రైవర్ మీద 1/16, డీఆర్‌వీ8825 మీద మాత్రం 1/32. ఏ4988 తీసి డీఆర్‌వీ8825 పెట్టినవాళ్లకు కొలత సగానికి పడిపోయేది ఇక్కడే.

$100ని 401.2 చేయడమంటే, ఎక్కడో ఉన్న లూజును అంకెతో కప్పిపెట్టడం. 100 మి.మీ. దగ్గర అది సరిపోయినట్టు కనిపిస్తుంది, 20 మి.మీ. దగ్గరా 250 మి.మీ. దగ్గరా తేలిపోతుంది. కొలత తేడాకు కారణం స్కేలా, లూజా, కట్టరా అన్నది ముందు తేల్చుకోవాలి. అందుకు 50, 100, 200 మి.మీ. చతురస్రాలు మూడు కోయండి. తేడా 0.15, 0.3, 0.6 అంటూ పొడవుతోపాటు పెరిగితే స్కేలు తప్పు. మూడింట్లోనూ 0.3 దగ్గరే ఉంటే స్కేలుకు సంబంధం లేదు.

అప్పుడు 100 మి.మీ. చతురస్రపు రంధ్రం ఒకటి లోపలివైపు కోయండి. బయట ముక్కా చిన్నదై, లోపల రంధ్రమూ చిన్నదైతే అది బ్యాక్‌లాష్, అంటే దిశ మారేటప్పుడు భాగాల మధ్య లూజు, ఎందుకంటే దిశ మారిన ప్రతిసారీ కదలికలో అంత ముక్క పోతోంది. బయట ముక్క చిన్నదై రంధ్రం పెద్దదైతే కట్టర్ మీరు క్యామ్‌లో (కోత దారిని తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో) ఇచ్చిన వ్యాసం కన్నా వెడల్పుగా కోస్తోంది. 3.175 మి.మీ. బిట్టు దాన్ని పట్టి ఉంచే కొలెట్‌లో కాస్త వంకరగా తిరిగినా ఇలా జరుగుతుంది. ఈ ఒక్క జత కోతతో చాలా అయోమయం తీరిపోతుంది, అయినా ఎక్కువమంది రంధ్రం కోసి చూడరు.

వృత్తం కూడా నేరుగా సమాధానం చెబుతుంది. వృత్తంలో 0, 90, 180, 270 డిగ్రీల దగ్గర చిన్న చదును లేదా మెట్టు కనిపిస్తే బ్యాక్‌లాష్. ఎక్కడా మెట్టు లేకుండా నున్నగా ఎక్స్ లేదా వై వైపు సాగితే ఒక అక్షం స్కేలు తప్పు. 45 డిగ్రీల వైపు వాలి సాగితే రెండు అక్షాలూ ఒకదానికొకటి లంబంగా లేవు. ఇది ఫ్రేము సమస్య. పెన్సిల్ బిగించి 150, 200 మి.మీ. భుజాలతో దీర్ఘచతురస్రం గీయించండి, రెండు కర్ణాలూ 250 రావాలి.

బ్యాక్‌లాష్‌ను అంకెల్లో పట్టుకోవడానికి అయస్కాంత స్టాండు మీద డయల్ గేజ్ పెట్టండి. ఎక్స్‌ను ఎడమ నుంచి కుడికి 5 మి.మీ. జరిపి డయల్ సున్నా చేయండి, ఇంకో 1 మి.మీ. కుడికి పంపి, అదే 1 మి.మీ. వెనక్కి రప్పించండి. డయల్ సున్నాకు తిరిగి రాకపోతే మిగిలినదే బ్యాక్‌లాష్. అసలు జీఆర్‌బీఎల్ 1.1లో దీన్ని సరిచేసే సెట్టింగే లేదు, చేతితోనే తీయాలి. ఇత్తడి నట్ స్ప్రింగు కోత బలానికి నొక్కుకుపోతోందా, స్క్రూ చివర బేరింగు దగ్గర అటూ ఇటూ ఊగుతోందా, అన్నిటికన్నా ముందు ఆ చుట్టలు తిరిగిన 5×8 అల్యూమినియం కప్లరే (మోటారును స్క్రూకు కలిపేది) స్ప్రింగులా సాగుతోందా చూడండి. స్క్రూను పొడవు దిశలో పట్టి ఆపే బేరింగు లేకపోతే ఆ బరువంతా కప్లర్ మీదే పడుతుంది. మోటారు షాఫ్టుకూ కప్లర్‌కూ కలిపి మార్కర్‌తో ఒక గీత గీసి ఉంచండి. రెండు రోజుల తర్వాత గీత విరిగి కనిపిస్తే కప్లర్‌ను షాఫ్టుకు బిగించే చిన్న గ్రబ్ స్క్రూ జారుతోంది. షాఫ్టు మీద చదును ఉంటే గ్రబ్ స్క్రూ సరిగ్గా ఆ చదును మీదే బిగియాలి.

ఇక ఇరవై నిమిషాల తర్వాత జరగడం. ఇది పూర్తిగా వేరే జబ్బు, పైదానితో కలపకండి. ఎంత జరిగిందో 0.02 మి.మీ. వరకు కొలిచి చూడండి. 1.8 డిగ్రీల మోటారు పట్టు తప్పితే నాలుగు పూర్తి స్టెప్పుల చొప్పునే జారుతుంది, అంటే 7.2 డిగ్రీలు, మీ స్క్రూ మీద 0.16 మి.మీ. జరుగుడు 0.16, 0.32, 0.48 లాంటి గుణిజాల్లో ఉంటే మోటారు ఆగిపోయింది, లేదా డ్రైవర్ కాసేపు ఆఫ్ అయింది. ఏ లెక్కకూ అందని అంకె అయితే మళ్లీ గ్రబ్ స్క్రూ వైపు చూడండి. ఒక్కసారి గెంతకుండా పని సాగేకొద్దీ కొద్దికొద్దిగా ఒకే వైపు వాలిపోతుంటే, దిశ మారిన ప్రతిసారీ ఒక మైక్రోస్టెప్ పోతోందని అర్థం. స్టెప్ సిగ్నల్ తలకిందులుగా ఉన్నప్పుడు ఇలా అవుతుంది. ఆ సిగ్నల్‌ను తిరగేసే సెట్టింగు $2. షీల్డు మీద డీఆర్‌వీ8825 ఉంటే దాని విలువ 0 ఉండాలి. టీబీ6600 అనే విడి డ్రైవర్‌కి 5 వోల్టులు ఉమ్మడిగా ఇచ్చి వైరింగు చేసినవాళ్లు $2=7 పెట్టుకోవాలి.

మీరు చెప్పిన "ఇరవై నిమిషాలు" అన్న మాట చూస్తే నా అనుమానం వేడి మీదే. డీఆర్‌వీ8825 చిప్ లోపల 150 డిగ్రీలు దాటితే తనంతట తానే ఆగి, చల్లారాక మళ్లీ మొదలవుతుంది. జీఆర్‌బీఎల్‌కు ఆ సంగతి తెలియదు, పల్సులు పంపుతూనే ఉంటుంది. మే నెలలో రేకుల షెడ్డులో నడిపే మెషీన్‌కు ఇది మరీ త్వరగా వస్తుంది. హీట్‌సింక్ ఒక్కటి చాలదు, మూడు డ్రైవర్ల మీదికి గాలి తగిలేలా చిన్న ఫ్యాను పెట్టండి.

కరెంటు ఇలా సరిచేయండి. మోటారు సప్లై ఆన్‌లో ఉండగా మల్టీమీటరు నల్ల తీగను గ్రౌండుకు, ఎర్ర తీగను డ్రైవర్ మీది చిన్న స్క్రూకు ఆనించండి. సప్లై ఆన్ చేయకుండా డీఆర్‌వీ8825 మీద కొలిస్తే రీడింగు తప్పుగా వస్తుంది. కనిపించే వోల్టేజీకి రెట్టింపు ఆంపియర్లు మోటారుకు వెళ్తాయి. మీ 1.5 ఆంపియర్ల మోటారుకు 1.1 చాలు, కాబట్టి 0.55 వోల్టులు. కరెంటు పెంచితే స్టెప్పులు పోవన్న ఆశతో 0.75 దాటించేవాళ్లున్నారు, దాంతో డ్రైవర్ ఇంకా త్వరగా వేడెక్కి సమస్య ఎక్కువవుతుంది. స్క్రూడ్రైవర్ పక్క పిన్నుకు తగలనివ్వకండి. సప్లై ఆన్‌లో ఉండగా మోటారు కనెక్టర్ ఊడదీస్తే డ్రైవర్ అక్కడికక్కడే పోవచ్చు.

వేడి కాదని తేలితే పరీక్ష సులభం. స్పిండిల్ ఆపి, కట్టర్ పైకెత్తి, మొదలయ్యే చోట ఒక గీత పెట్టుకుని, ఎక్స్‌ను 0 నుంచి 150 వరకు జి0తో (గరిష్ఠ వేగంతో జరిపే ఆదేశం) యాభైసార్లు అటూ ఇటూ తిప్పి మొదటి గీత దగ్గరికి తీసుకురండి. గాలిలోనే గీత తప్పితే వేగం, యాక్సిలరేషన్, వోల్టేజీ చూడాలి. గాలిలో సరిగ్గా ఉండి కోతలోనే తప్పితే లోతు తగ్గించాలి.

12 వోల్టుల మీద టీ8 స్క్రూను నిమిషానికి 800 నుంచి 1000 మి.మీ. దాటించమని నేను చెప్పను. వేగం పెరిగేకొద్దీ కాయిల్‌లోకి కరెంటు నిండే సమయం చాలక టార్క్ (తిప్పే బలం) పడిపోతుంది. 24 వోల్టుల సప్లైకి మారితే అదే మోటారు ఎంతో బాగా లాగుతుంది, షీల్డు 36 వరకు తట్టుకుంటుంది. యూనో మీద అడ్డేమీ లేదు. సెకనుకు సుమారు 30,000 పల్సులు ఇస్తుంది కాబట్టి 400 స్టెప్పుల దగ్గర 4500 మి.మీ. వరకు దారి ఉంది, అంతకు చాలా ముందే మోటారు చేతులెత్తేస్తుంది.

ఎక్స్ గరిష్ఠ వేగం $110ని 800 దగ్గర ఉంచి, ఎక్స్ యాక్సిలరేషన్ $120ని 50తో మొదలుపెట్టండి. యాభై చొప్పున పెంచుతూ, ప్రతిసారీ గాలి పరీక్ష చేస్తూ, మోటారు కీచుమని ఆగిన అంకెలో 70 శాతం దగ్గర స్థిరపరచండి. ఆ తర్వాతే అదే పద్ధతిలో $110 పెంచండి, రెండూ ఒకేసారి మార్చితే ఏది తప్పిందో తెలియదు. మోటార్లు ఎప్పుడూ పట్టు వదలకుండా $1=255 పెట్టండి. లేకపోతే కదలిక ఆగిన 25 మిల్లీసెకన్లకే మోటార్లు వదులవుతాయి, జడ్‌లో స్పిండిల్ బరువుకు బిట్టు కిందికి దిగుతుంది. జడ్ యాక్సిలరేషన్ $122ని మాత్రం ఎక్స్‌కు పెట్టినదానిలో సగానికి మించనివ్వకండి, ఎత్తేటప్పుడు అది స్పిండిల్ బరువును కూడా మోయాలి.