పడగొడితే రెండు పాయింట్లే

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. జిల్లా స్థాయిలో జూడో ఆడుతోంది. ఈమధ్య జు-జిట్సుకు మారతానని పట్టుబడుతోంది. ఒలింపిక్స్‌లో లేని ఆటలో ఆడపిల్లకు అంతర్జాతీయ భవిష్యత్తు ఉంటుందా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఉంటుందమ్మా. కాకపోతే ఎంత ఓపిక కావాలో ముందే తెలుసుకుని పంపండి. నేను జూడో నేర్పేదాన్ని. నా దగ్గరి పిల్లలకు తరచుగా చెప్పే పేరు ఫిలిప్పీన్స్‌కు చెందిన జు-జిట్సు క్రీడాకారిణి మెగ్గీ ఒచోవా.

ఆసియా క్రీడల్లో జు-జిట్సును మొదటిసారి చేర్చింది 2018లో, జకార్తాలో. మొత్తం ఎనిమిది విభాగాల్లో మహిళలకు దక్కినవి రెండే: 49 కిలోలు, 62 కిలోలు. మీ బరువు ఆ రెంటికీ సరిపడకపోతే ఇక మీకు చోటు లేనట్టే! 2019 ఆగ్నేయాసియా క్రీడల్లో 45 కిలోల స్వర్ణం గెలిచినంత చిన్న మనిషి ఒచోవా, జకార్తాలో 49 కిలోల విభాగంలో తలపడి కాంస్యం సాధించింది. అక్కడ స్వర్ణం కంబోడియా తరఫున ఆడిన పదహారేళ్ల జెస్సా ఖాన్‌ది. ఆ తర్వాతి ఆసియా క్రీడలు కోవిడ్ వల్ల వాయిదా పడి, 2023లో హాంగ్‌ఝౌలో జరిగాయి. అంటే అయిదేళ్ల నిరీక్షణ. ఈసారి ఎనిమిదింటిలో నాలుగు విభాగాలు మహిళలవి. ఒచోవా 48 కిలోల స్వర్ణం గెలిచింది. ఆమె దేశానికే చెందిన ఆనీ రామిరెజ్ 57 కిలోల్లో మరో స్వర్ణం తెచ్చింది. రామిరెజ్ జూడో నుంచి వచ్చిన క్రీడాకారిణే. ఈ మాట మీ అమ్మాయికి తప్పకుండా చెప్పండి.

అయితే జూడో పిల్లలు జు-జిట్సులో మొదట తడబడేది ఒకచోట ఉంది. జూడోలో ప్రత్యర్థిని వీపు ఆనేలా బలంగా పడేస్తే ఇప్పోన్, ఆట అక్కడితో సరి. ఆసియా క్రీడల్లో ఆడే నే-వాజా (నేల మీది పట్ల ఆట) పద్ధతిలో అదే పట్టుకు రెండు పాయింట్లే. అసలు పని అక్కడ మొదలవుతుంది. కిందపడ్డ ప్రత్యర్థి కాళ్ల అడ్డు దాటి పక్కకు చేరితే మూడు, పైకెక్కి కూర్చుంటే నాలుగు. చేతినో మెడనో బిగించి, ఆమె అరచేత్తో తట్టి ఓటమి ఒప్పుకునేలా చేస్తే పాయింట్లతో పనే లేదు. ఆట సాగే ఆరు నిమిషాలూ ప్రత్యర్థి కోటు కాలర్ వదలకుండా పట్టుకోవాలి. వేళ్ల కీళ్లు వాచిపోతాయి, అందుకే ప్రతి వేలికీ టేపు చుట్టుకుంటారు.

నా సలహా ఇది. జూడో ఇప్పుడే మానిపించకండి. వారంలో రెండు రోజులు నేల మీది ఆట నేర్పించండి, ఏడాది చూడండి. స్పోర్ట్స్ కోటా ఉద్యోగం మీ ఆలోచనలో ఉంటే, నోటిఫికేషన్లలో ఏయే క్రీడల పేర్లు ఉన్నాయో మీరే చదవండి, ఎవరి నోటిమాటా నమ్మకండి. బరువు విభాగం కోసం ఎదిగే పిల్లకు అన్నం తగ్గించమనే కోచ్ దగ్గరికి అసలు పంపకండి, ఈ విషయంలో నేను రాజీపడను.

చేర్చే ముందు ఒక సాయంత్రం ఆ మ్యాట్ పక్కన కూర్చోండి. పిల్లలు తట్టిన మరుక్షణం ఎదుటివాళ్లు పట్టు వదులుతున్నారా, వదలకపోతే కోచ్ ఆట ఆపుతున్నారా అన్నది గమనించండి.