ఆ ట్యూబు మీది చిన్న అక్షరాలు

ప్రశ్న: మాది రాజోలు దగ్గర పల్లె. మావారు రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తారు. నిరుడు వానాకాలంలో ఆయనకు గజ్జల్లో తామర వచ్చింది. మందుల షాపులో ఇచ్చిన ఆయింట్‌మెంటు రాస్తే దురద పోతుంది, ఆపగానే మళ్ళీ ఇంకా ఎక్కువగా వస్తోంది. ఇప్పుడు మా అత్తగారికి, బాబుకి కూడా అంటుకుంది. ఏదైనా గట్టి మందు చెప్పండి. – ఒక పాఠకురాలు

జవాబు: మీరు వాడుతున్నదే గట్టి మందు, అమ్మా! చిక్కంతా దానితోనే. ట్యూబు మీద చిన్న అక్షరాల్లో క్లోబెటసాల్ అనో, బెటామెథసోన్ అనో ఉందేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. తామరకు కారణమైన ఫంగస్‌తో చర్మం పోరాడుతుంటేనే ఎరుపూ దురదా వస్తాయి. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని అణిచేస్తుంది, ఫంగస్ నిశ్చింతగా పాకుతుంది. నెలల తరబడి రాస్తే గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడతాయి, అవి ఇక పోవు. 2018లో కేంద్రం ఇలాంటి 14 స్టెరాయిడ్ లేపనాలను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. చీటీ అడిగే షాపు మీ వైపు కనిపిస్తే నాకూ చెప్పండి.

ఇక ఫంగస్ కూడా పాతది కాదు. మన దేశంలో మొండి తామరకు కారణమవుతున్న రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. పేరులోనే ఇండియా ఉంది, మనకేమీ గొప్ప కాదు. దాని జన్యువులో వచ్చిన మార్పుల వల్ల తామరకు మామూలుగా ఇచ్చే టెర్బినాఫిన్ అనే మందు చాలామందిలో సరిగా పనిచేయడం లేదు. వారణాసిలో 200 మంది రోగులను నాలుగు జట్లు చేసి ఒక్కో జట్టుకు ఒక్కో మందు మింగించారు. 8 వారాలకు ఇట్రాకొనజోల్‌తో నూటికి 66 మందికి, ఫ్లుకొనజోల్‌తో 42 మందికి నయమైంది. టెర్బినాఫిన్‌తో 28, గ్రిసియోఫల్విన్‌తో 14 మందికే. అన్నిటికన్నా మెరుగైన మందుకు కూడా మూడోవంతు మందిలో తామర లొంగలేదన్నమాట.

అలాగని ఇట్రాకొనజోల్ కొనేయకండి. గుండె బలహీనంగా ఉన్నవారికి అది ప్రమాదం, కొన్ని కొలెస్ట్రాల్ మాత్రలతో కలిస్తే చేటు. క్యాప్సూల్ అయితే భోజనం చేయగానే వేసుకోవాలి. మన ఇళ్లలో పొద్దున్నే మింగే గ్యాస్ బిళ్ల దాన్ని ఒంటికి పట్టనివ్వదు, ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అత్తగారికి షుగర్ పరీక్ష చేయించండి. బాబుకు మోతాదు బరువును బట్టి ఉంటుంది, పెద్దల మాత్ర విరిచి ఇవ్వకూడదు.

ముగ్గురికీ ఒకేసారి వైద్యం మొదలుపెట్టాలి. లేకపోతే ఒకరికి తగ్గేలోగా మరొకరు అంటిస్తారు. తువ్వాళ్లు వేరు చేయండి. ముసురు పట్టి బట్టలు ఆరకపోతే లోదుస్తులను తిరగేసి ఇస్త్రీ చేయండి. మీవారిని చెరువు నుంచి రాగానే స్నానం చేసి, గజ్జలు పొడిగా తుడుచుకుని, వదులు నూలు బట్టలు కట్టుకోమనండి. మొలతాడు కూడా తీసేయాలి. రోజంతా తడిసి ఉండే ఆ తాడు కింద ఫంగస్ కాపురం పెడుతుంది. పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే తామర తగ్గాక కొత్తది కట్టుకుంటారని చెప్పండి.

వెల్లుల్లి, సున్నం రాయకండి, ఒళ్లు కాలుతుంది. స్టెరాయిడ్ ఆపిన మొదటి రోజుల్లో దురద పెరుగుతుంది, భయపడి మళ్ళీ అదే రాయవద్దు. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో చర్మ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు వాడిన ట్యూబులు, ఖాళీవైనా సరే, తీసుకెళ్లండి. పొట్టు గీకి మైక్రోస్కోపు కింద చూసే పరీక్ష చేయమని అడగండి.