బెంగళూరులో ల్యాబ్రడార్ పిల్లను ఎవరి దగ్గర తీసుకోవాలి?

వైట్‌ఫీల్డ్‌లో ఫ్లాట్, ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, ఆన్‌లైన్‌లో ఎనిమిది వేలకు ల్యాబ్ పిల్ల ఉంది, తీసుకోవచ్చా అని అడిగారు. వద్దండి. నేను అలాగే తీసుకుని దెబ్బతిన్నాను.

అనంతపురం నుంచి వచ్చి మారతహళ్లిలో ఉంటున్న కొత్తలో ఇలాంటి ప్రకటన చూసి ఫోన్ చేశాం. తల్లిని చూడొచ్చా అంటే "ఫామ్‌హౌస్‌లో ఉంది సార్, దూరం, మీకెందుకు శ్రమ, నేనే తెచ్చిస్తా" అన్నాడు. ఎంత మంచివాడో అనుకున్నాం! సిల్క్ బోర్డ్ దగ్గర బైకు ఆపి, అట్టపెట్టెలోంచి పిల్లను తీసి మా ఆవిడ చేతిలో పెట్టాడు. ఐదు నిమిషాల్లో బేరం అయిపోయింది. వంకాయలు ఏరుకోవడానికి కూడా మా అమ్మ అంతకన్నా ఎక్కువ సేపు తీసుకుంటుంది.

"45 రోజుల పిల్ల" అన్నాడు. డాక్టరు పళ్లు చూసి నెల నిండి ఉంటే గొప్ప అన్నారు. టీకా కార్డులో పెన్నుతో రాసిన తేదీ తప్ప ఏమీ లేదు. నిజంగా వేసి ఉంటే మందు సీసా మీది స్టిక్కరు, దాని కింద డాక్టరు సంతకం ఉండాలట. ఐదో రోజు వాంతులు, రక్త విరేచనాలు. పార్వో అనే వైరస్ జబ్బు. మూడు రోజులు సెలైన్ ఎక్కించినా దక్కలేదు. బైకువాడి ఫోన్ అప్పటికే స్విచ్ఛాఫ్. ఆ వైరస్ ఇంట్లో నెలల తరబడి బతుకుతుందని, బ్లీచ్‌తో కడిగినా సరే టీకాలు పూర్తికాని పిల్లను ఇప్పట్లో తేవొద్దని డాక్టరు చెప్పారు. ఆ ఖాళీ నెలల్లోనే నేను నాలుగు చోట్ల తిరిగి చూశాను.

బైకువాడి లాంటివాళ్లు బ్రోకర్లు. వాళ్ల దగ్గర కుక్కలే ఉండవు, ఎక్కడెక్కడి పిల్లలనో తెచ్చి అమ్ముతారు. వాళ్లకు పిల్లలను ఇచ్చే షెడ్డు ఒకటి ఊరి బయట చూశాను. ల్యాబ్, హస్కీ, షిట్జూ, ఏది అడిగితే అది రెడీ. తల్లిని చూపించమంటే మాత్రం తాళం చెవి దొరకలేదు. 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం బ్రీడర్ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డులో రిజిస్టర్ చేసుకోవాలి, ఎనిమిది వారాలు నిండని పిల్లను అమ్మకూడదు, తల్లికి ఐదు ఈతలకు మించి వేయించకూడదు. కాబట్టి "45 రోజులు" అనగానే లెక్క తప్పిందని మీకు తెలిసిపోవాలి.

తర్వాత ఇంట్లో పెంచేవాళ్లు. "ఆడకుక్క కదా, ఒక్క ఈతైనా ఈనకపోతే ఆరోగ్యానికి మంచిది కాదు" అని ఎవరో చెబితే నమ్మి, పక్క వీధి మగకుక్కతో జత కట్టిస్తారు. (అది ఒట్టి అపోహ.) పిల్లలు మనుషుల మధ్య ముద్దుగా పెరుగుతాయి, తల్లి ఎదురుగానే ఉంటుంది, కల్మషం ఉండదు. కానీ తల్లిదండ్రుల తుంటి ఎక్స్‌రే తీయించారా అంటే వింతగా చూస్తారు. ల్యాబ్‌లకు తుంటి కీలు జబ్బు వంశంలో వస్తుంది, అడగకుండా ఉండలేం.

చివరికి మేం తీసుకున్నది డాగ్ షోలకు వెళ్లే ఒక పెద్దావిడ దగ్గర. పెళ్లిచూపులకు వెళ్లినట్టే అయింది, కాకపోతే ప్రశ్నలన్నీ మాకే: ఇంటి ఓనరు ఒప్పుకున్నారా, పగలు ఎవరుంటారు, ఊరెళ్తే ఎవరికి అప్పజెబుతారు? మా ఆవిడకు ఒళ్లు మండింది. "మన డబ్బుతో కొంటూ మనకీ పరీక్షలేంటి?" అంది కారెక్కగానే. కానీ తల్లి వచ్చి నా చెప్పులు వాసన చూసి పక్కనే పడుకుంది, ఎక్స్‌రేలు అడక్కముందే తెచ్చి చూపించారు. నాలుగు నెలలు ఆగమన్నారు, ఆగాం. ధర బైకువాడి ధరకు ఐదింతలు. ఎప్పుడైనా పెంచలేకపోతే బయట ఎవరికీ ఇవ్వకుండా తనకే తిరిగివ్వాలని రాయించుకున్నారు.

ఆవిడే ఇంకో మాట చెప్పారు. చెన్నైలోని కెన్నెల్ క్లబ్ ఆఫ్ ఇండియా ఇచ్చే పేపరు జాతిని, వంశాన్ని చెబుతుందే గానీ ఆరోగ్యానికి హామీ కాదట. "పేపర్లున్న పిల్ల" అని రేటు పెంచేవాళ్ల దగ్గర ఇది గుర్తుపెట్టుకోండి.

ఇక మీ సంగతి. ఇద్దరూ తొమ్మిదింటికి వెళ్లి రాత్రి ఏడింటికి వస్తే రెండు నెలల పిల్ల పగలంతా ఒంటరిగా ఏడుస్తుంది, పక్క ఫ్లాట్‌వాళ్లు మీ మీద ఏడుస్తారు. పగలు మనిషిని పెట్టుకోలేకపోతే కుపా (CUPA) లాంటి జంతు సంరక్షణ సంస్థల్లో దత్తతకు ఉన్న పెద్ద కుక్కలను ఒకసారి వెళ్లి చూడండి. జాతి కుక్కలూ ఉంటాయి, కొనుక్కుని వదిలేసినవాళ్ల పుణ్యమా అని. ఆదివారం ఇద్దరూ కలిసి వెళ్లండి, ఆ రోజే తెచ్చేసుకోకండి.