నాన్నగారి రేకు పెట్టెలో పద్నాలుగు చాకులు

ప్రశ్న: మా నాన్నగారు పోయి ఏడాదయింది. ఆయనకి చాకుల పిచ్చి. పెట్టె తెరిస్తే పద్నాలుగున్నాయి: తెల్ల పిడి రాడ్జర్స్ (పాత ఇంగ్లీషు కంపెనీ చాకు) ఒకటి, చిన్నాన్న కువైట్ నుంచి తెచ్చిన ఎర్ర విక్టోరినాక్స్‌లు (కత్తెరలాంటివీ మడిచి ఉండే స్విస్ చాకులు) మూడు, పసుపు చారల పిడివి రెండు, కొబ్బరి దింపు కత్తి ఒకటి, మిగతావి చిల్లర. సగం తుప్పు పట్టాయి. అన్నీ మెషీన్ మీద పాలిష్ కొట్టించి అమ్మేద్దామంటున్నాడు మా బావ. ఏవి ఉంచుకోవాలి, ఏవి బాగుచేయించాలి, ఏవి అమ్మాలి?
– ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: ముందు మీ బావగారిని ఆ పెట్టె దగ్గరికి రానివ్వకండి. సరదాకి అనడం లేదండీ, మా మావయ్య ఇచ్చిన చాకుని పాలకొల్లులో మోటారు సానకి ఇచ్చి టీ తాగి వచ్చేసరికి అంచు నీలంగా మారిపోయింది, పిడి దగ్గరుండే కంపెనీ ముద్ర సగం అరిగిపోయింది. అలా నీలం తిరిగిందంటే వేడికి ఉక్కు మెత్తబడ్డట్టే, తర్వాత ఎంత నూరినా పదును నిలవదు. కొనేవాడు మొదట చూసేదీ ఆ ముద్రనే. కాబట్టి ఏది ఉంచాలో తేలేదాకా మెత్తటి గుడ్డ, కుట్టుమిషన్ నూనె, ఎర్ర తుప్పు గీకడానికి వెదురు పుల్ల, అంతే. బూడిద రంగు మచ్చలు తుప్పు కాదు, వాటిని వదిలేయండి.

ఇప్పుడు ఆ పసుపు చారలవి తీసి పిడిని బొటనవేలితో వేడెక్కేదాకా రుద్ది వాసన చూడండి. కర్పూరం వాసన వస్తే అది సెల్యులాయిడ్, అంటే పాతకాలపు ప్లాస్టిక్. పాతబడిన సెల్యులాయిడ్ నుంచి ఆమ్లపు ఆవిరి వస్తుంది, అది పక్కనున్న ఇనుమునీ తినేస్తుంది. మీ పెట్టెలో తుప్పు పట్టినవన్నీ ఆ రెండింటి చుట్టూనే ఉన్నాయేమో చూడండి. మన ఉప్పుగాలి ఎలాగూ ఉంది, దానికి ఇదొకటి తోడు! వాటిని ఈరోజే వేరే పెట్టండి, పిడి పగుళ్ళిస్తుంటే అమ్మాలని చూడకండి. తోలు ఒరల్లో ఉన్నవాటిని కూడా బయటికి తీసేయండి, తోలు తేమని పట్టి ఉంచుతుంది.

రాడ్జర్స్ అసలుదైతే నక్షత్రం, మాల్టా శిలువ పక్కపక్కన ఉంటాయి. ఇంగ్లండ్‌లో చాకులకి పేరుపడ్డ షెఫీల్డ్‌లో అంత పేరున్న కంపెనీకి నకళ్ళు చాలా వచ్చాయి కాబట్టి ముద్ర ఒక్కటీ చూసి పొంగిపోకండి. కిరీటానికి అటూ ఇటూ వి, ఆర్ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలంది, అంటే 1901కి ముందుది కావచ్చు. తెల్ల పిడి మీద సన్నటి నల్ల చుక్కలుంటే ఎముక. చుక్కల్లేకుండా, పిడి చివర ఒకదాన్నొకటి కోసుకునే గీతలు కనిపిస్తే ఏనుగు దంతం అయ్యుండొచ్చు. అదే అయితే అమ్మకండి, 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, ముందు ఫారెస్ట్ ఆఫీసులో కనుక్కోండి. ఎముకదైతే నేనైతే ఉంచుకుంటాను.

విక్టోరినాక్స్‌లు లక్షల్లో తయారవుతాయి, పెద్ద ధర ఆశించకండి. కత్తెర బిగుసుకుపోతే గోరువెచ్చటి నీళ్ళలో ముంచి పదిసార్లు తెరిచి మూసి, తుడిచి ఆరబెట్టి ఒక చుక్క నూనె వేయండి. ఒకటి జేబులో పెట్టుకుని మిగతా రెండూ అమ్మేయండి, లేదా మేనల్లుళ్ళకివ్వండి.

చిల్లరవాటిని ఒక్కొక్కటే తెరిచి మూయండి. స్ప్రింగు టక్కుమని పలకాలి, అలుగు (కోసే భాగం) అటూ ఇటూ ఆడకూడదు. ఆడేవి, నూరి నూరి చీపురుపుల్లలా అయినవి విడిభాగాలకి పనికొస్తాయి, బాగుచేయడం నేర్చుకోవాలనుంటే చేతి సానరాయితో వాటి మీదే నేర్చుకోండి.

దింపు కత్తిని పాత చాకులు సేకరించేవాళ్ళు కొనరు, కానీ తెలిసిన కమ్మరి చేత కొత్త పిడి వేయిస్తే మీ తోటలోనే ఇంకో తరం పనిచేస్తుంది. చిల్లరవాటిలో బాకులాంటివేవైనా ఉండి, అలుగు 9 అంగుళాల పొడవో 2 అంగుళాల వెడల్పో దాటితే ఆయుధాల నిబంధనల్లోకి వస్తాయి. ఇంటికీ పొలానికీ వాడే కత్తులకి ఆ బాధ లేదు.

రాడ్జర్స్ ముద్ర ఫొటో మాత్రం పగటి వెలుతురులో, ఏమీ తుడవకముందే తీసి పంపండి.