పాపసంకీర్తనంలో, అంటే కతోలికులు ఫాదర్ ముందు తమ పాపాలు ఒప్పుకునే కన్ఫెషన్‌లో, పాపాలు క్షమించేది ఫాదరా, దేవుడా?

క్షమించేది దేవుడే, ఫాదర్ ఆ క్షమాపణను క్రీస్తు పేరున అందించే సేవకుడు మాత్రమే. మరి దేవుణ్ణే నేరుగా అడగొచ్చు కదా, మధ్యలో ఈయనెందుకు అంటే, చనిపోయి తిరిగి లేచిన తర్వాత యేసు తన శిష్యులకు పాపాలు క్షమించే అధికారం ఇచ్చినట్టు యోహాను సువార్త 20వ అధ్యాయంలో ఉంది, ఆ అధికారం అపొస్తలులనే ఆ శిష్యుల నుంచి బిషప్పులకు, వాళ్ల చేతుల మీదుగా గురుపట్టం (ఫాదర్‌గా నియామకం) పొందిన ఫాదర్లకు వచ్చిందని కతోలికుల విశ్వాసం.

ఒకాయన పనిచేసే చోట డబ్బు కాజేశాడనుకోండి. తెరకు అవతల కూర్చున్న ఫాదర్‌తో ఆ సంగతి చెప్పుకుంటాడు. ఆయన ముందు ఆ డబ్బు తిరిగి ఇచ్చేయమంటారు, ప్రాయశ్చిత్తంగా ఒక ప్రార్థనో మంచి పనో చెబుతారు, ఆ తర్వాత చెయ్యి చాపి పిత, పుత్ర, పవిత్రాత్మ నామమున పాపవిమోచనం పలుకుతారు. విన్నది పోలీసులకు కూడా చెప్పకూడదు, తెలిసి తెలిసి బయటపెడితే ఆ ఫాదర్‌కే కతోలిక సంఘం నుంచి వెలి.

చాలామంది పొరపాటు పడేది ఎక్కడంటే, ఫాదర్ చెవిన వేసేస్తే లెక్క తీరిపోయినట్టే అనుకుంటారు. అలా కాదు, నిజమైన పశ్చాత్తాపం, మళ్లీ చెయ్యకూడదన్న నిర్ణయం మనసులో లేకపోతే ఆ మాటలు పలికినా ఫలితం లేదు. ఇంకొకటి, ఫాదర్ కూడా తన పాపాలు తానే క్షమించుకోలేరు. ఆయనా, చివరికి పోప్ అయినా, మరో ఫాదర్ ముందు మోకరించి చెప్పుకోవాల్సిందే.